యంత్రానికి పని ఇవ్వండి, తీర్పు మాత్రం మీదే

పీహెచ్‌డీ రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో చాలామంది ఒకచోట ఆగిపోతారు. ఫీల్డ్‌వర్క్ అయిపోతుంది. ఫోన్ నిండా ఇంటర్వ్యూ రికార్డింగులు, పెన్‌డ్రైవ్ నిండా అర్జీలు, బీరువా నిండా పత్రికల క్లిప్పింగులు పోగవుతాయి. ఇవన్నీ ఎప్పుడు చదవాలి, ఎప్పుడు వర్గీకరించాలి, థీసిస్ ఎప్పుడు రాయాలి? సరిగ్గా అప్పుడే పక్క సీటు మిత్రుడు సలహా ఇస్తాడు: "చాట్‌జీపీటీకి ఇచ్చెయ్, పది నిమిషాల్లో తేల్చి చెప్తుంది."

ఈ మాట విని కొందరు వెనకడుగు వేస్తారు. "అది కంప్యూటర్ సైన్స్ వాళ్ల వ్యవహారం, సోషియాలజీ వాళ్లకెందుకు?" అని తలుపు మూసేస్తారు. ఇంకొందరు ఫైలంతా అప్పగించి, వచ్చిన జవాబును వచ్చినట్టే అధ్యాయంలో అతికిస్తారు. మొదటివారు మంచి పనిముట్టును వదులుకుంటున్నారు. రెండోవారు పరిశోధకుడిగా తాము చేయాల్సిన పనినే వదులుకుంటున్నారు.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. అందులో నడవడానికి పెద్ద కోడింగ్ చదువు అక్కర్లేదు. ఓపిక, నిజాయతీ, సరిచూసుకునే అలవాటు ఉంటే చాలు. ఈ వ్యాసం చెప్పేదంతా ఒక్క సూత్రమే: మీరు సరిచూడగలిగిన పనే యంత్రానికి ఇవ్వండి, సరిచూడని ఫలితాన్ని ఒక్కటి కూడా రాయకండి. ఈ సూత్రాన్ని అలవాటు చేసుకోవడం ఎలాగో మెట్టుమెట్టుగా చూద్దాం.

1. చేతిలో ఉన్నదేమిటో తెలుసుకోండి

ఇప్పుడు వాడుతున్న భాషా నమూనాలకు పునాది 2017లో పడింది. గూగుల్ పరిశోధకులు ఆ ఏడాది 'ట్రాన్స్‌ఫార్మర్' అనే నిర్మాణాన్ని ప్రకటించారు. 2020లో జీపీటీ-3 వచ్చింది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ జనం చేతికి అందింది. లోపల ఎంత గణితం ఉన్నా అది చేసే మూల పని ఒకటే: అప్పటివరకూ ఉన్న మాటలను బట్టి తర్వాత ఏ మాటముక్క రావచ్చో అంచనా వేయడం. కోట్ల పేజీల మీద ఆ అంచనాను సాధన చేయించి, ఆపైన మనుషులు మెచ్చే తీరులో జవాబివ్వడం నేర్పించారు.

దీన్నుంచి పరిశోధకులు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. వాక్యం నున్నగా ఉన్నంత మాత్రాన అందులో ఉన్నది నిజమని కాదు. లేని పుస్తకానికి పేరు, రచయిత, పేజీ నంబరు కూడా అంతే ధీమాగా చెప్పగలదు. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద నడిచిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. మీ థీసిస్‌లో అలాంటి రిఫరెన్సు ఒక్కటి దొరికినా చాలు, మిగిలిన రెండొందల పేజీలనూ అనుమానంగానే చదువుతారు.

కాబట్టి మొదటి నియమం ఇది. జ్ఞాపకం మీద ఆధారపడే ప్రశ్నలు దాన్ని అడగకండి, అడిగినా నమ్మేయకండి. ఎదురుగా మీరు పెట్టిన పాఠం మీద పని చేయించండి. "రైతు ఆత్మహత్యల మీద వచ్చిన అధ్యయనాలు చెప్పు" అనడం కంటే "ఈ అర్జీ చదివి, ఇందులో అడిగిన సాయం ఏమిటో చెప్పు" అనడం ఎంతో భద్రం. రెండో జవాబు తప్పయితే అర్జీ మీ ముందే ఉంది, వెంటనే పట్టుకోవచ్చు.

2. ప్రశ్నకు పదును పెట్టండి

"ఏఐతో గ్రామీణ సమస్యల అధ్యయనం" అనేది టాపిక్ కూడా కాదు. సాధనం కొత్తదని టాపిక్ దానంతటదే కొత్తదైపోదు. ముందు మీకేం తెలుసుకోవాలని ఉందో ఒక్క వాక్యంలో రాయండి. కలెక్టరేట్లలో సోమవారం నాడు జనం అర్జీలు ఇచ్చుకుంటారు. వాటి మీద మీ పరిశోధన అనుకుందాం. "ఫలానా జిల్లాలో ఆడవాళ్లు ఇచ్చే భూమి అర్జీలు మగవాళ్లు ఇచ్చేవాటికి ఏ విషయంలో తేడాగా ఉన్నాయి?" ఇది ప్రశ్న. దీనికి జవాబు దొరికిందో లేదో తేల్చుకోవచ్చు.

ప్రశ్న తేలాక, యంత్రంతో పనేముందో తేల్చండి. అర్జీలు నూట యాభై ఉంటే దాని అవసరమే లేదు. కూర్చుని చదవండి, వారంలో అయిపోతుంది. ఇరవై వేలు ఉంటే ఒక్క మనిషి వల్ల కాదు. అప్పుడు దాన్ని పిలవడంలో అర్థముంది. ప్రతి పనికీ దాన్ని పిలిచేవారికి సొంత చూపు మొద్దుబారుతుంది. ఎక్కడ పిలవాలో తెలిసినవారికి సమయం మిగులుతుంది. మిగిలిన సమయాన్ని మళ్లీ ఊళ్లోకి వెళ్లి జనంతో మాట్లాడడానికి వాడండి.

3. మొదటి రెండు వందలూ మీరే చదవండి

ఇది నచ్చని సలహా అని తెలుసు. అయినా దీన్ని దాటవేయడానికి వీల్లేదు. మొత్తం అర్జీల్లోంచి లాటరీ పద్ధతిలో రెండు వందలు ఏరండి. పైనున్న రెండు వందలు తీసుకోకండి. అవి ఒకే మండలానివో ఒకే నెలవో అయ్యే ప్రమాదం ఉంది. పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్కటీ చదవండి. పక్కన మీ మాటల్లో గుర్తులు రాయండి.

ఎందుకింత పట్టుదల అంటే, సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కథ చెప్పాలి. ఆయన 1948లో మైసూరు ప్రాంతంలో ఒక ఊళ్లో ఉండి ఫీల్డ్‌వర్క్ చేశారు. పుస్తకాల్లో ఆ ఊరిని రాంపుర అన్నారు. ఆ నోట్సును పద్దెనిమిదేళ్ల పాటు శుద్ధి చేసుకుంటూ వచ్చారు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా దుండగులు పెట్టిన మంటల్లో ఆ నోట్సు మూడు ప్రతులూ కాలిపోయాయి. మరొకరైతే కుప్పకూలిపోయేవారు. ఆయన తన జ్ఞాపకాల ఆధారంగా రాయడానికి కూర్చున్నారు. 1976లో 'ది రిమెంబర్డ్ విలేజ్' వచ్చింది. భారతీయ సామాజిక శాస్త్రంలో అది నేటికీ చదివి తీరాల్సిన పుస్తకం.

ఆ ఊరి మనుషులు, వాళ్ల తగాదాలు, మాట తీరు ఆయన మనసులో ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. హైదరాబాద్ దగ్గర శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే 1955లో తెచ్చిన 'ఇండియన్ విలేజ్' వెనక కూడా ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం ఊళ్లో తిరిగి చేసిన పని ఉంది. మీ సమాచారం మీ మనసులో లేకపోతే యంత్రం చెప్పింది తప్పో ఒప్పో మీకెలా తెలుస్తుంది? రెండు వందల అర్జీలు చదివినవారికి మూడో వందలో యంత్రం చేసిన పొరపాటు ఇట్టే కనిపిస్తుంది. చదవనివారికి ఇరవై వేలు పూర్తయినా ఏమీ కనిపించదు.

4. నియమం రాయడం నేర్చుకోండి

యంత్రానికి ఇచ్చే ఆదేశాన్ని ప్రాంప్ట్ అంటున్నాం. కొందరు దాన్నొక మంత్రంలా చూసి, "పదికి పది ప్రాంప్ట్‌లు" అమ్మే వీడియోల వెంట పడతారు. సామాజిక శాస్త్రంలో మంచి ప్రాంప్ట్ అంటే మంచి కోడ్‌బుక్ తప్ప మరేమీ కాదు. ఏ గుర్తు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు వేయకూడదు, తేలకపోతే ఏం చేయాలి అన్నదే అందులో ఉంటుంది. మనుషులతో పాఠాలకు గుర్తులు వేయించిన రోజుల నుంచీ ఉన్న విద్య ఇది.

ఇలాంటి అర్జీ ఒకటి మీ ముందుందనుకోండి: "మా నాయిన చనిపోయి మూడేండ్లాయె. భూమి ఇంక ఆయన పేరు మీదనే ఉన్నది. విరాసత్ కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న. రైతుబంధు పైసలు సుత పడ్తలేవు."

నాలుగు వాక్యాలే. కానీ దీన్ని ఏ గుర్తు కింద పెట్టాలి? భూమి రికార్డుల సమస్యా? వారసత్వ మార్పిడా? పథకం అందకపోవడమా? ఆఫీసులో జాప్యమా? నాలుగూ నిజమే. మీరు నియమం చెప్పకపోతే యంత్రం ఒక్కోసారి ఒక్కోటి ఎంచుకుంటుంది. అది దాని తప్పు కాదు, మీరు తేల్చుకోకపోవడం వల్ల వచ్చిన చిక్కు. అందుకే ఇలా రాసుకోండి:

"వారసత్వ మార్పిడి: పట్టాదారు చనిపోయాక భూమిని వారసుల పేరు మీదికి మార్చమని అడిగిన అర్జీ. వారసుల మధ్య వాటాల తగాదా ఉంటే ఇందులో చేర్చకూడదు, 'కుటుంబ వివాదం' కింద పెట్టాలి. పథకం డబ్బు రావడం లేదని కూడా రాస్తే 'పథకం' అనే రెండో గుర్తు కలపాలి. చావు ప్రస్తావన లేకుండా పేరు మార్పు అని మాత్రమే ఉంటే 'తేల్చలేం' అని రాయాలి."

ఇందులో ఏముందో గమనించండి. ఏది చేరుతుందో ఉంది, ఏది చేరదో ఉంది, రెండు సమస్యలు కలిసి వస్తే ఏం చేయాలో ఉంది. 'తేల్చలేం' అనే వీలు కూడా ఉంది. ఆ చివరిది చాలా ముఖ్యం. ఆ వీలు ఇవ్వకపోతే యంత్రం ఏదో ఒక గడిలో పడేసి ముందుకెళ్తుంది.

ఇంకో చిట్కా. గుర్తుతో పాటు, ఏ వాక్యాన్ని బట్టి ఆ గుర్తు వేసిందో దాన్ని అర్జీలోంచి యథాతథంగా ఎత్తి రాయమనండి. ఆ వాక్యం అర్జీలో నిజంగా ఉందో లేదో కంప్యూటర్‌లో వెతికితే క్షణంలో తేలిపోతుంది. లేకపోతే ఆ జవాబును పక్కన పెట్టి మీరే చదవండి.

5. తొంభై శాతం చూసి మురిసిపోకండి

2013లో జస్టిన్ గ్రిమ్మర్, బ్రాండన్ స్టీవర్ట్ అనే రాజనీతి పరిశోధకులు, పాఠాన్ని సమాచారంగా వాడుకునేవారి కోసం ఒక వ్యాసం రాశారు. కంప్యూటర్ పద్ధతులు మనిషి చదువుకు తోడు మాత్రమే, బదులు కాదన్నారు. సరిచూడండి, సరిచూడండి, మళ్లీ సరిచూడండి అన్నది అందులో వాళ్లు పెట్టిన సూత్రం. చాట్‌జీపీటీ రావడానికి తొమ్మిదేళ్ల ముందు చెప్పిన ఈ మాటకు ఇప్పుడు మరింత బలం వచ్చింది.

2023లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ బృందం ట్వీట్లు, వార్తల వర్గీకరణలో చాట్‌జీపీటీని ఆన్‌లైన్ కూలి పనివారితో పోల్చి చూసింది. చాలా పనుల్లో యంత్రమే మెరుగని, ఖర్చు దాదాపు ముప్పయ్యో వంతేనని తేలింది. ఉత్సాహమిచ్చే ఫలితమే. కానీ ఆ పని ఇంగ్లిష్ పాఠం మీద, వాళ్లు రాసుకున్న వర్గాల మీద జరిగింది. మీ అర్జీల మీద ఎలా పనిచేస్తుందో మీరే కొలవాలి.

కొలవడం ఎలా? ముందు ఇద్దరు మనుషులు విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, ఆ రెండు వందల అర్జీలకు గుర్తులు వేయాలి. 'భూమి', 'ఇతరం' అని రెండే వర్గాలనుకుందాం. మీరిద్దరూ 160 చొప్పున 'భూమి' అన్నారు. 170 అర్జీల్లో ఇద్దరి మాటా కలిసింది. అంటే 85 శాతం. అద్భుతం అనిపిస్తుంది కదా?

ఆగండి. ఇద్దరూ అర్జీలు చదవకుండా, నూటికి ఎనభైసార్లు కళ్లు మూసుకుని 'భూమి' అన్నా కొన్ని కలుస్తాయి. ఎన్ని? 0.8ను 0.8తో గుణిస్తే 0.64, 0.2ను 0.2తో గుణిస్తే 0.04, మొత్తం 0.68. అంటే 68 శాతం ఏకీభావం ఊరికే వచ్చేదే. మిగిలిన 32లో మీరు చదివి సాధించింది 17. పదిహేడును ముప్పై రెండుతో భాగిస్తే 0.53. జాకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించిన 'కప్పా' ఇదే. ఎనభై అయిదు అనుకున్నది ఇంచుమించు సగానికి దిగింది. ఇప్పుడు ఇద్దరూ కూర్చుని, తేడా వచ్చిన ముప్పై అర్జీలూ ముందు పెట్టుకుని మాట్లాడుకోండి. నియమంలో ఎక్కడ సందు ఉందో అప్పుడు తెలుస్తుంది. మనుషులిద్దరికే పొసగని చోట యంత్రం నుంచి నిలకడ ఆశించడం అత్యాశ.

ఆ తర్వాత యంత్రం వంతు. రెండు వందల్లో వంద అర్జీల మీద ప్రాంప్ట్ దిద్దుకోండి. మిగిలిన వందను ముట్టుకోకుండా ఉంచి, చివర్లో ఒక్కసారే పరీక్షించండి. దిద్దుకున్న అర్జీల మీదే మార్కులు వేసుకోవడం, ప్రశ్నపత్రం ముందే చూపించి ర్యాంకు వచ్చిందని చాటుకోవడం లాంటిది.

మొత్తం మీద సగటు బాగుందని ఆగిపోవద్దు. తప్పులు ఎక్కడ పడ్డాయో చూడండి. వెయ్యి అర్జీల్లో మూడు వందలు ఆడవాళ్లవి అనుకోండి. యంత్రం వందే తప్పులు చేసింది, తొంభై శాతం సరైనదే. కానీ ఆ వందలో ఎనభై ఆడవాళ్ల అర్జీల్లోనే పడ్డాయనుకోండి. అప్పుడు మగవాళ్ల అర్జీల్లో 97 శాతం సరిగ్గా ఉంటే, ఆడవాళ్ల అర్జీల్లో 73 శాతమే సరైనవి. మీ ప్రశ్నే ఆడా మగా తేడా గురించి. ఇక మీరు చూపించే తేడా సమాజంలో ఉన్నదా, యంత్రం పుట్టించినదా? దీనికి జవాబు లేకుండా అధ్యాయం రాయకూడదు. చేత్తో గుర్తులు వేసిన యాదృచ్ఛిక శాంపిల్ మీ దగ్గరుంటే, యంత్రం తప్పులను లెక్కగట్టి అంచనాలను సరిదిద్దే గణాంక పద్ధతులు 2023 నుంచీ వచ్చాయి. శాంపిల్ లేనివారికి అవి కూడా సాయపడలేవు.

ఇలా సరిచూసుకోవడం మనకు కొత్త సంప్రదాయమేమీ కాదు. గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ బెంగాల్ జనపనార సర్వేల కాలంలోనే, ఒకే ప్రాంతంలో వేర్వేరు బృందాలకు వేర్వేరు శాంపిళ్లిచ్చి, వాటి ఫలితాలు పోల్చి చూసేవారు. లెక్కలో ఎంత పొరపాటు దొర్లుతోందో దాంతో బయటపడేది. 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే ఆ పద్ధతిని అందిపుచ్చుకుంది. తన మనుషులు తెచ్చిన అంకెనే ఆయన సరిచూసుకున్నారు. యంత్రం తెచ్చిన అంకెను మనం సరిచూడకపోతే ఎలా?

6. తెలుగు పాఠంతో పనిచేసేవారికి అదనపు జాగ్రత్తలు

తెలుగులో సామాజిక పరిశోధన చేసేవారికి అసలు పని యంత్రం దగ్గరికి వెళ్లకముందే మొదలవుతుంది. పాత పత్రికల, కరపత్రాల ఫైళ్లు చాలావరకు అను లాంటి, యూనికోడ్ కాని ఫాంట్లలో ఉంటాయి. కాపీ చేసి అతికిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. స్కాన్ చేసిన పేజీలైతే, బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే ఓసీఆర్ చేయించాలి. అందులో వత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు మారిపోతాయి, అంకెలు తారుమారవుతాయి. ఇరవై పేజీలు అసలుతో పోల్చి, పేజీకి ఎన్ని తప్పులో లెక్క రాసుకోండి. ఇక్కడ దొర్లిన తప్పు తర్వాతి దశలో సరికాదు, పెరుగుతుంది.

మాటను రాతలోకి మార్చే సాధనాలు ఇప్పుడు తెలుగుకూ ఉన్నాయి. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ లాంటి బృందాలు భారతీయ భాషల కోసం చేస్తున్న పనిని ఉచితంగానే అందిస్తున్నాయి. వాడుకోండి. అయితే టీవీ వార్తల తెలుగును బాగా రాసే సాధనం, ఆదిలాబాద్ రైతు మాటనూ శ్రీకాకుళం మత్స్యకారిణి మాటనూ అంతే బాగా రాస్తుందని అనుకోకండి. ప్రతి ప్రాంతం నుంచీ కొన్ని నిమిషాల రికార్డింగు తీసుకుని, చెవిపెట్టి విని, వరుసవరుసా పోల్చండి.

వ్యంగ్యం దగ్గర మరింత జాగ్రత్త. "సార్ల దయ వల్ల మూడు నెలల నుంచి నల్లా బంద్" అన్న వాక్యంలో దయ అన్న మాట ఉంది, కృతజ్ఞత మాత్రం లేదు. ఇలాంటి వాక్యాలు పాతిక ఏరి, విడిగా పరీక్ష పెట్టండి. ఇంగ్లిష్‌లోకి అనువదించి వర్గీకరిస్తే మేలా, నేరుగా తెలుగులోనే చేయిస్తే మేలా అన్న సందేహం వస్తుంది. వాదించుకోవద్దు. మీ వంద అర్జీల మీద రెండు విధాలా చేయించి, ఏది ఎక్కువ కలిసిందో చూసి నిర్ణయించండి.

ఖర్చు సంగతి కూడా తెలుసుకోండి. కంప్యూటర్‌లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైట్ చాలు, యూనికోడ్ (యూటీఎఫ్-8)లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. యంత్రాలు పాఠాన్ని ముక్కలుగా విడగొట్టినప్పుడు కూడా అదే విషయానికి తెలుగులో ఎక్కువ ముక్కలు అవుతాయి. బిల్లు ముక్కల లెక్కన వస్తుంది. అందుకే యాభై అర్జీలతో ఖర్చు చూసుకుని, మొత్తానికి ఎంతవుతుందో లెక్కగట్టాకే ముందుకెళ్లండి.

7. మనుషుల్ని అడగాల్సింది మనుషుల్నే అడగండి

"సర్వేకి ఖర్చెందుకు? యంత్రాన్నే ఒక రైతుగా, ఒక గృహిణిగా ఊహించుకుని జవాబివ్వమంటే సరి" అనే ఆలోచన కూడా వచ్చింది. 2023లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీపీటీ-3కి అమెరికన్ ఓటర్ల వివరాలిచ్చి అడిగితే, అసలు సర్వేలకు దగ్గరగా జవాబులు వచ్చాయని చూపించారు. 2024లో మరో బృందం లోతుగా చూసింది. సగటు దగ్గరగానే ఉన్నా, మనుషుల మధ్య ఉండే వైవిధ్యం అందులో కుంచించుకుపోతోందని, ప్రశ్న మాట కాస్త మారినా, కొన్ని నెలలు గడిచినా జవాబు మారిపోతోందని తేల్చింది.

సంఖ్య పెద్దదైతే నిజం దొరుకుతుందన్న భ్రమకు 1936లోనే దెబ్బ తగిలింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు 'లిటరరీ డైజెస్ట్' పత్రిక కోటి మందికి బ్యాలెట్లు పంపింది. దాదాపు 24 లక్షలు తిరిగొచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తాడంది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కారు యజమానుల జాబితాల నుంచి పేర్లు తీసుకోవడం, రూజ్‌వెల్ట్ మీద కోపంగా ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబివ్వడం కొంప ముంచాయి. ఎవరు లేరో చూసుకోలేదు. ఇంటర్నెట్ పాఠం మీద పెరిగిన యంత్రాన్ని వాడేటప్పుడు మనమూ అదే అడగాలి: ఇందులో ఎవరు లేరు? కౌలుకు చేసే ఒంటరి మహిళ, నల్లమల పెంటలోని చెంచు కుటుంబం తమ బాధను ఏ వెబ్‌సైట్‌లోనూ రాయలేదు. వాళ్ల గొంతు యంత్రం నోట వినిపించడం వాళ్లకు చేసే అన్యాయం.

అలాగని ఈ దశలో దానితో పనే లేదనుకోకండి. ప్రశ్నావళిని దానికి చూపించి లోపాలు వెతకమనండి. "మీ ఊళ్లో నీళ్లు, కరెంటు సరిగ్గా వస్తున్నాయా?" అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయని, నీళ్లు వచ్చి కరెంటు రానివాళ్లు ఏం చెప్పాలని అది అడగగలదు. ఊరికి వెళ్లకముందే ప్రశ్న బాగుపడుతుంది. జవాబు మాత్రం ఊరిదే.

8. నమ్మి చెప్పినవారి మాట కాపాడండి

అర్జీలో పేరుంటుంది, ఫోన్ నంబరుంటుంది, ఆధార్ ఉంటుంది, సర్వే నంబరుంటుంది. ఇంటర్వ్యూలో ఇంటి గుట్టు ఉంటుంది. వాటిని ఇంటర్నెట్‌లోని చాట్ పెట్టెలో అతికించే ముందు ఆగండి. ఆ కంపెనీ దాన్ని ఎక్కడ దాస్తుందో, తన యంత్రానికి శిక్షణగా వాడుతుందో లేదో షరతులు చదివి తెలుసుకోండి. వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, చెప్పినవారికి మనం మాటిచ్చాం.

పేరు తీసేస్తే చాలదు. ఊరి పేరు, కులం, ఉద్యోగం మూడూ ఉంటే మనిషి దొరికిపోతాడు. ఊరికొక్కరే ఆశా కార్యకర్త ఉన్నచోట "ఆశా కార్యకర్త చెప్పింది" అని రాస్తే పేరు రాసినట్టే. సున్నితమైన సమాచారమైతే లామా, గెమ్మా లాంటి నమూనాలను దించుకుని, ఇంటర్నెట్ లేకుండా విభాగం కంప్యూటర్‌లోనే నడిపించవచ్చు. వేగం తగ్గొచ్చు, నమ్మకం నిలుస్తుంది. ఇకపై సమ్మతి పత్రంలో ఒక వాక్యం చేర్చండి: మీ మాటలను విశ్లేషించడానికి కంప్యూటర్ సాధనాలు వాడతాం, పేర్లు తీసేశాకే వాడతాం. దాన్ని వారికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించండి.

9. పని డైరీ రాయండి

ఏ నమూనా, ఏ వెర్షన్, ఏ తేదీ, పూర్తి ప్రాంప్ట్, ఏ సెట్టింగులు, ఎన్ని తప్పులు. ఇవి ఆ రోజు సాయంత్రమే రాయండి. జవాబుల్లో తేడా తగ్గడానికి, వీలున్న నమూనాల్లో 'టెంపరేచర్' అనే సెట్టింగును సున్నా పెట్టుకోవచ్చు, అప్పుడు కూడా ప్రతిసారీ అచ్చంగా ఒకే జవాబు వస్తుందన్న హామీ లేదు. అందుకే ఒకే యాభై అర్జీలు రెండుసార్లు ఇచ్చి, ఎన్ని మారాయో లెక్కించండి.

కంపెనీలు పాత నమూనాలను ఆపేస్తుంటాయి. 2023 మార్చిలో ఓపెన్ఏఐ తన కోడెక్స్ నమూనాను కొద్ది రోజుల గడువుతో నిలిపివేస్తానని ప్రకటించినప్పుడు, దాని మీద ఆధారపడిన పరిశోధకులు కంగారుపడ్డారు. మీ పని మరొకరు మళ్లీ చేసి చూడాలంటే దించుకుని దాచుకోగల నమూనా ఉంటే మేలు. అదీ కుదరకపోతే డైరీ, చేత్తో వేసిన గుర్తులు, యంత్రం ఇచ్చిన జవాబులు మూడూ భద్రపరచండి.

ఎంత వాడారో, ఎక్కడ వాడారో పద్ధతుల అధ్యాయంలో దాచకుండా రాయండి. యంత్రాన్ని రచయితగా ఒప్పుకోబోమని 'నేచర్' పత్రిక 2023 జనవరిలోనే చెప్పింది. కారణం సూటిగా ఉంది: రచయిత అంటే బాధ్యత వహించే మనిషి. సాధనం పేరు రాయడం చిన్నతనం కాదు. దాచిపెట్టి దొరికిపోతే పోయేది పరువే.

10. నాలుగు వారాల్లో మొదలుపెట్టండి

మొదటి వారం: ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. రెండు వందలకు ముందు సాధనగా, పేర్లు తీసేసిన యాభై పాఠాలు మీరు, ఒక మిత్రుడు విడివిడిగా చదివి గుర్తులు వేయండి. ఎక్సెల్ షీటు చాలు.

రెండో వారం: తేడా వచ్చినచోట మాట్లాడుకుని నియమాలు తిరగరాయండి. కప్పా చేత్తో లెక్కకట్టండి. చేత్తో ఒకసారి కడితే జన్మలో మరిచిపోరు.

మూడో వారం: అవే నియమాలు యంత్రానికి ఇవ్వండి. ఆర్ గానీ పైథాన్ గానీ కొద్దిగా నేర్చుకోండి. కోడ్ రాయడంలో యంత్రం సాయమే తీసుకోవచ్చు. కానీ జవాబు ముందే తెలిసిన పది వరుసల మీద ఆ కోడ్ నడిపి చూశాకే మిగతా వాటి మీద నడపండి.

నాలుగో వారం: తప్పులన్నీ ఒక పేజీలో పెట్టి, ఏ ప్రాంతం, ఏ వర్గం, ఎలాంటి వాక్యం దగ్గర పడ్డాయో రాయండి. ఆ పేజీ మీ విభాగం సెమినార్‌లో చదవండి.

తోడుగా చదువుకోవడానికి మాథ్యూ సాల్గనిక్ రాసిన 'బిట్ బై బిట్' ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆయనా, క్రిస్ బెయిల్ కలిసి 2017లో ప్రారంభించిన వేసవి పాఠశాలల వీడియో పాఠాలు కూడా ఉచితమే. ఒంటరిగా నేర్చుకోవద్దు. ఒక సోషియాలజీ విద్యార్థి, ఒక భాషాశాస్త్ర విద్యార్థి, ఒక కంప్యూటర్ విద్యార్థి కలిసి వారానికోసారి కూర్చుంటే ముగ్గురి పనీ బాగుపడుతుంది. మాండలికం తెలిసినవారి చెవి, గణితం తెలిసినవారి బుర్ర, ఊరు తెలిసినవారి అనుభవం ఒకచోట కలవాల్సిన రంగం ఇది.

ఆఖరున, వైవా రోజున ఎగ్జామినర్ మీ పట్టికలో ఒక అంకె మీద వేలు పెట్టి "ఇదెలా వచ్చింది?" అని అడుగుతారు. "యంత్రం చెప్పింది" అన్నది జవాబు కాదు. "ఈ నియమం రాశాను, రెండు వందలు ఇద్దరం చదివాం, వంద మీద పరీక్షించాను, ఫలానా చోట తప్పింది, ఇలా సరిచేశాను" అని చెప్పగలిగితే ఆ అంకె మీ సొంతమవుతుంది. అలా చెప్పగలిగేందుకు కావాల్సిన మొదటి యాభై పాఠాలు ఇప్పటికే మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఇవాళే తెరవండి.